నెత్తురు చూపించే రోడ్డు భద్రతా యాడ్లు: షాకా, మొద్దుబారడమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సినిమాకు ముందు వేసిన ఒక యాక్సిడెంట్ యాడ్ చూసి మీ తొమ్మిదేళ్ల పాప రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. పక్కనే కూర్చుని అదే యాడ్ చూసిన మీ వారు "ఇలాంటివి చాలా చూశాంలే" అనేసి, ఇంటికి వచ్చేటప్పుడు కూడా సీటు బెల్టు పెట్టుకోలేదు. మరి ఈ భయంకరమైన యాడ్లు జనాన్ని నిజంగా కదిలిస్తాయా, లేక చూసి చూసి మొద్దుబారిపోయేలా చేస్తాయా అని అడిగారు.

పదిహేడేళ్లుగా నా పని డ్రైవర్లకు భద్రతా తరగతులు చెప్పడం. బస్సు, లారీ, ట్యాక్సీ నడిపేవాళ్లు ఎక్కువ, మధ్యమధ్యలో కుర్రాళ్ల బ్యాచ్‌లు. ఇలాంటి ఫిల్ములు కొన్ని వందల సార్లు వేసి చూపించాను. మొదటి ఐదారేళ్లు, ఎంత ఘోరంగా ఉంటే అంత బాగా బుర్రకెక్కుతుందని గట్టిగా నమ్మినవాణ్ని. ఇప్పుడు నమ్మను. అలాగని "జనం మొద్దుబారిపోయారండీ" అన్న మాట కూడా నాకు మింగుడుపడదు. నేను చూసినంతవరకు చాలామందిలో జరిగేది ఈ రెండూ కాదు. భయం నిజంగానే వేస్తుంది. వేసిన భయం ఊరికే ఉండదు, బయటికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఏ దారి దగ్గరగా ఉంటే ఆ దారినే పోతుంది. సీటు బెల్టు ఆ దారుల్లో ఒకటి మాత్రమే, అదీ కాస్త దూరంగా ఉన్నది.

తరగతి గదిలో నాకు కనిపించేది చెప్తాను. ఫిల్మ్ నడుస్తున్నప్పుడు నేను తెర వైపు చూడను, అది ఎటూ నాకు కంఠతా వచ్చు. కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తాను. ఇలాంటి ఫిల్ముల్లో ఏం జరగబోతోందో అందరికీ ముందే తెలిసిపోతుంది. నవ్వుకుంటున్న కుటుంబం, కారులో పాట, డ్రైవరు పక్కన మోగుతున్న ఫోను. ఇక దెబ్బ పడుతుందనగా రెండు మూడు సెకన్ల ముందు గదిలో ఒక కదలిక వస్తుంది. ఒకాయన వంగి చెప్పు సరిచేసుకుంటాడు. ఇంకొకాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. వెనక వరుసలో ఒకరు జేబులోంచి ఫోను తీస్తారు. చప్పుడు ఆగాక తలలు మళ్లీ పైకి లేస్తాయి. సరిగ్గా దేన్ని చూపించాలని అంత ఖర్చు పెట్టి తీశారో, ఆ ఒక్కటీ వదిలేసి మిగతాదంతా చూస్తారు.

కొందరు నవ్వుతారు కూడా. ఆ నవ్వు వింటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఒకసారి అందరికంటే గట్టిగా నవ్వినాయన టీ విరామంలో నా దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం కూడా సినిమా ఉంటుందా, ఉంటే తను బయట కూర్చోవచ్చా అని నెమ్మదిగా అడిగాడు. ఆ రోజు నుంచి ఆ నవ్వును నిర్లక్ష్యంగా లెక్కేయడం మానేశాను.

ఇక లైట్లు వేశాక "ఏం చూశారు?" అని అడుగుతాను. జవాబులు దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. "ఆ మలుపులో ఓవర్‌టేక్ చేయడమేంటండీ, బుద్ధున్నవాడెవడైనా చేస్తాడా?" "ఆ స్పీడులో బండి అలా పల్టీ కొట్టదు సార్, అదంతా గ్రాఫిక్స్." "టైర్లు అరిగిపోయి ఉంటాయి, చూసుకోవాలి కదా." అరగంట సేపు విచారణ నడుస్తుంది. గదిలో అందరూ జడ్జిలే, బోనులో ఎవరూ ఉండరు. ఆ ఫిల్ములో చచ్చిపోయినవాడు వేరే రకం మనిషి అని తేల్చేసుకుంటే భయం దిగిపోతుంది, బెల్టు జోలికి వెళ్లాల్సిన అవసరమే రాదు. ఆస్ట్రేలియాలో 2007లో చేసిన ఒక పరిశోధనలో కూడా ఇదే కనిపించింది. ఇలాంటి భయపెట్టే యాడ్లు తమకంటే ఇతరుల మీదే ఎక్కువ పనిచేస్తాయని మగవాళ్లు చెప్పారు, ఆడవాళ్లలో ఇది తిరగబడింది. తమాషా ఏంటంటే, ఈ యాడ్లు తీసేది ముఖ్యంగా ఆ మగవాళ్ల కోసమే.

మొద్దుబారడం సంగతికి వద్దాం. ఈ ఒక్క మాటను మనం రెండు వేర్వేరు విషయాలకు వాడేస్తున్నాం.

ఒకటి నిజంగా అలవాటు పడటం. ఒకే ఫిల్మును అదే బ్యాచ్‌కు రెండోసారి వేస్తే గదిలో ఊపిరి బిగబట్టడం సగానికి సగం తగ్గుతుంది. మూడోసారికి ఆవలింతలు. ఇది ఉన్నదే, కాదనను. అయితే వాళ్లు అలవాటు పడింది ఆ బొమ్మకు, ప్రమాదానికి కాదు. కొత్త ఫిల్ము వేయండి, మళ్లీ ఊపిరి బిగబడతారు. సిగరెట్ పెట్టెల మీద బొమ్మలు మారుస్తూ ఉండేది ఇందుకే. కెనడా 2001లో మొదట ఆ బొమ్మలు తెచ్చినప్పుడే ఒకటి కాకుండా రకరకాల బొమ్మలు పెట్టింది.

రెండోది తప్పించుకోవడం. పైకి మొద్దుబారినట్టే ఉంటుంది, లోపల జరిగేది పూర్తిగా తిరగేసి. 2010లో నెదర్లాండ్స్‌లో పరిశోధకులు పొగతాగేవాళ్లకు భయంకరమైన బొమ్మలు చూపిస్తూ మెదడు తరంగాలు రికార్డు చేశారు. బొమ్మ వాళ్ల దృష్టిని లాగకపోలేదు, లాగింది. కానీ పొగతాగని వాళ్లకంటే తేలిగ్గా వాళ్లు దాన్నుంచి దృష్టి తిప్పేసుకున్నారు. ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది, వాళ్లే తొందరగా విదిలించుకున్నారు. మొద్దుబారినవాడికి విదిలించుకోవాల్సిన పని ఉండదు కదా. మీ వారి "చాలా చూశాంలే" ఈ రెండింటిలో ఏదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. పందెం కాయమంటే మాత్రం రెండోదాని మీదే కాస్తాను.

అసలైన మొద్దుబారడం జరిగే చోటు వేరే ఉంది. భయాన్ని పోగొట్టడానికి మానసిక వైద్యంలో ఒక పాత పద్ధతి ఉంది, 1950ల్లో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు రూపొందించాడు. మనిషి భయపడేదాన్ని కొద్దికొద్దిగా, అతను ప్రశాంతంగా ఉన్నప్పుడు, మళ్లీ మళ్లీ ఎదురు పెడతారు. ఏమీ కావట్లేదని ఒంటికి తెలిసేకొద్దీ భయం కరిగిపోతుంది. ఇప్పుడు బెల్టు లేకుండా రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే మనిషిని తలచుకోండి. మెత్తటి సీటు, చల్లటి గాలి, ఇష్టమైన పాట. రోజుకు రెండు ప్రయాణాలు, ఏడాదికి ఐదారొందలు, ఏ ఒక్కదాంట్లోనూ ఏమీ కాలేదు. వోల్పే వైద్యం రోజూ పూటకోసారి జరుగుతున్నట్టే. దాని ముందు ముప్పై సెకన్ల యాడ్ ఎంత? డ్రైవర్లను మొద్దుబార్చేది తెర మీద రక్తం అనుకుంటాం గానీ, నిజానికి ఆ పని చేసేది ఏ గొడవా లేని రోడ్డే. ఇరవై ఏళ్లు నడిపిన డ్రైవరుకు ఫిల్ము చూపిస్తే అతను ఫిల్మును తన ఇరవై ఏళ్లతో పోల్చి చూసుకుంటాడు. ఆ లెక్కలో ఫిల్ము ఓడిపోతుంది.

మన పెద్దలు ఈ భయానికి ఎప్పుడో పేరు పెట్టారు, శ్మశాన వైరాగ్యం అని. చితి ముందు నిలబడినప్పుడు అంతా మిథ్యే అనిపిస్తుంది, ఇంటికొచ్చి తలస్నానం చేసేసరికి లెక్కలు మళ్లీ గుర్తొస్తాయి. అది దొంగ వైరాగ్యం కాదు. ఆ కాసేపు నిజమే. చిక్కంతా ఆ కాసేపట్లో మనిషి చేతికి చేయడానికి ఏం దొరికింది అన్న దగ్గరే.

దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. రోడ్డుతో సంబంధం లేనిదే అయినా చెప్తాను. 1965లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో హోవార్డ్ లెవెంతాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి పుస్తకాలు పంచింది. కొందరికి ఒళ్లు జలదరించే ఫొటోలు, వర్ణనలు ఉన్నవి, కొందరికి మామూలువి. ఘోరమైన పుస్తకం చదివినవాళ్లు ఎక్కువ భయపడ్డారు, టీకా వేయించుకోవాలని ఎక్కువగా అనుకున్నారు కూడా. తర్వాత ఎంతమంది నిజంగా వెళ్లి వేయించుకున్నారో లెక్క చూస్తే సుమారు 3 శాతం. కొందరికి మాత్రం పుస్తకంతో పాటు క్యాంపస్ మ్యాప్ ఇచ్చారు. అందులో ఆరోగ్య కేంద్రం చుట్టూ సున్నా చుట్టి, మీ వారం రోజుల పనులు చూసుకుని ఏ రోజు ఏ వేళ అటు వెళ్లగలరో ఆలోచించుకోమన్నారు. వీళ్లలో వేయించుకున్నవాళ్లు 28 శాతం. విచిత్రం ఏంటంటే, వాళ్లంతా చివరి ఏడాది విద్యార్థులు. ఆ భవనం ఎక్కడుందో వాళ్లకు తెలియక కాదు. ఇంకో విచిత్రం, పుస్తకం ఎంత ఘోరంగా ఉంది అన్నది టీకా దగ్గరికి వచ్చేసరికి తేడా ఏమీ చూపలేదు. తేడా చూపించింది ఆ సున్నా.

అంతకు ముందే 1953లో అదే యేల్‌లో జానిస్, ఫెష్‌బాక్ అనే ఇద్దరు పళ్ల శుభ్రత మీద మూడు రకాల ఉపన్యాసాలు ఇప్పించారు. బాగా భయపెట్టినదాని కంటే తక్కువ భయపెట్టినదే పిల్లలు పాటించారు. అది పట్టుకుని "భయం పనికిరాదు" అని ఒక వర్గం, తర్వాతి పరిశోధనలు పట్టుకుని "పనికొస్తుంది" అని ఇంకో వర్గం డెబ్భై ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. నాకు అర్థమైనంతలో ఇద్దరి దగ్గరా నిజం ఉంది. 2015లో 127 పరిశోధన పత్రాలను కలిపి చూసిన ఒక బృందం, భయపెట్టే సందేశాలు మొత్తమ్మీద పనిచేస్తాయనే తేల్చింది. అయితే ఆ ఫలితాన్ని కాస్త నిదానంగా చదవాలి. ఏం చేయాలో చెప్పే మాట తోడైనప్పుడు బాగా పనిచేశాయి. చూసేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ ఉన్నప్పుడు బాగా పనిచేశాయి. ఒక్కసారి చేస్తే అయిపోయే పనులకు బాగా పనిచేశాయి, టీకాలా. డ్రైవింగ్ ఇందుకు పూర్తిగా ఎదురు. రోజూ, ప్రతిసారీ, ఎవరూ చూడనప్పుడు కూడా చేయాల్సిన పని. చూసేవాళ్లు ఎక్కువమంది కుర్రాళ్లు. అందుకే 2013లో ఐర్లండ్ పరిశోధకులు ఒక్క డ్రైవింగ్ మీద జరిగిన ప్రయోగాలను విడిగా తీసి కలిపి చూస్తే, భయం పెరిగింది గానీ నడిపే తీరు మారినట్టు కనపడలేదు.

"మరి ఆస్ట్రేలియాలో పనిచేశాయి కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. విక్టోరియా రాష్ట్రంలో ప్రమాద బీమా చూసే ప్రభుత్వ సంస్థ, ట్రాన్స్‌పోర్ట్ యాక్సిడెంట్ కమిషన్, 1989 డిసెంబర్‌లో తన మొదటి యాడ్ వేసింది. ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డు, తాగి నడిపి తన స్నేహితురాలిని ఆ స్థితికి తెచ్చిన కుర్రాడు, ఆమె తల్లిదండ్రులు. తాగి బండి నడిపేవాణ్ని సూటిగా మూర్ఖుడని తిట్టే నినాదం. టీవీ యాడ్‌లో అది చాలా మోటు మాటే. ఆ రాష్ట్రంలో రోడ్డు మీద చనిపోయినవాళ్లు 1989లో 776 మంది, మరుసటి ఏడు 548, 1992లో 396. మూడేళ్లలో దాదాపు సగం.

ఈ అంకెలు చూపించి యాడ్ ఏజెన్సీలు ప్రపంచమంతా ఇలాంటివే అమ్ముకున్నాయి. ఏజెన్సీలు చెప్పని సంగతి ఏంటంటే, సరిగ్గా అదే సమయంలో విక్టోరియా పోలీసులు తమ పెద్ద పెద్ద తనిఖీ బస్సులను రోడ్డు పక్కన నిలిపి, వచ్చేవాళ్లందర్నీ ఆపి ఊపిరి పరీక్ష చేయడం ముమ్మరం చేశారు. స్పీడు కెమెరాలు కూడా అప్పుడే పెద్ద ఎత్తున పెట్టారు. పైగా ఆర్థిక మాంద్యం వచ్చి జనం తిరగడమే తగ్గింది. ఇందులో యాడ్ వాటా ఎంత అన్నదాని మీద మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లెక్క చెప్తే, దాన్ని ఒప్పుకోనివాళ్లు ఇంకో లెక్క చెప్పారు. నా మట్టుకు నాకు ఆ తగవు కంటే యాడ్, తనిఖీ జంటగా రావడమే ముఖ్యం. శుక్రవారం రాత్రి యాడ్ చూసినవాడికి శనివారం రాత్రి దారిలో ఆ బస్సు కనిపించింది. చావు గురించి "నాకు కాదులే" అనుకోవచ్చు. బ్రేక్ మీద కాలు పెట్టించి గొట్టంలో ఊదమనే పోలీసు గురించి అలా అనుకోవడం కష్టం.

యాడ్‌ను ఒంటరిగా వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి కూడా ఒక ప్రయోగం ఉంది, 1974లో అచ్చయింది. అమెరికాలో ఒక ఊళ్లో మార్కెటింగ్ పరీక్షల కోసం రెండు వేర్వేరు కేబుల్ లైన్లు ఉండేవి. ఏ ఇంటికి ఏ లైను వెళ్తుందో ఇంట్లోవాళ్లకు తెలియదు. లియాన్ రాబర్ట్‌సన్ బృందం ఒక లైనులో తొమ్మిది నెలల పాటు సీటు బెల్టు యాడ్లు వేయించింది, రెండో లైనులో వేయించలేదు. తర్వాత కూడళ్లలో మనుషుల్ని నిలబెట్టి, వెళ్తున్న కార్లలో ఎవరు బెల్టు పెట్టుకున్నారో, బండి నంబరు ఏంటో రాయించారు. నంబరు పట్టుకుని ఆ ఇల్లు ఏ లైనులో ఉందో చూశారు. రెండు లైన్ల మధ్య తేడా లేదు. కొంచెం కాదు, అసలు లేదు. ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, అప్పటికి నా దగ్గర రెండు పెట్టెల నిండా క్యాసెట్లు, సీడీలు ఉన్నాయి మరి.

దీని పక్కన బ్రిటన్ పెట్టి చూడండి. ఏళ్ల తరబడి టీవీలో బెల్టు ప్రచారం సాగినా ముందు సీట్లో పెట్టుకునేవాళ్లు సుమారు 40 శాతం దగ్గరే ఆగారు. 1983 జనవరి 31న చట్టం అమల్లోకి వచ్చింది. అంతే, 90 శాతం దాటింది. యాడ్లు దండగ అని దీనర్థం కాదు. ముందు అన్నేళ్లు చెప్పి ఉండకపోతే ఆ చట్టాన్ని జనం అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు కాదేమో. 67 అధ్యయనాలను కలిపి నార్వే పరిశోధకులు 2011లో వేసిన లెక్క ప్రకారం రోడ్డు భద్రతా ప్రచారాలు నడిచిన చోట ప్రమాదాలు సగటున 9 శాతం తగ్గాయి. తక్కువేం కాదు. ఏడాదికి ప్రపంచంలో సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్డు మీద పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అందులో 9 శాతమంటే ఎంతమందో మీరే లెక్కేసుకోండి. కాకపోతే ఆ ప్రచారాల్లో బాగా పనిచేసినవి ఎదురుగా కూర్చుని మాట్లాడినవి, రోడ్డు పక్కనే చెప్పినవి. నెత్తురు ఎక్కువ ఉన్నవి కావు.

రోడ్డు పక్కన చెప్పడంలోనూ తేడా ఉంది. టెక్సస్‌లో 2012 నుంచి హైవే మీది ఎలక్ట్రానిక్ బోర్డుల్లో "ఈ ఏడాది ఇప్పటిదాకా ఇంతమంది చనిపోయారు" అని నెలకు ఒక వారం చూపించడం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. ఇద్దరు పరిశోధకులు ఆ వారాన్ని మిగతా వారాలతో పోల్చి 2022లో సైన్స్ పత్రికలో ఫలితం వేశారు. బోర్డు దాటాక వచ్చే 10 కిలోమీటర్లలో ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయి. అంకె పెద్దదయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ. వాళ్ల వివరణ నాకు సబబుగానే తోచింది. చావుల లెక్క చదివిన బుర్ర కాసేపు ఆ లెక్క దగ్గరే ఉండిపోతుంది, ఎదురుగా ఉన్న బండి దగ్గర ఉండదు. పైగా ఆ అంకె చదివినవాడు అప్పటికప్పుడు చేయగలిగింది ఏముంది? "ముందు మలుపు ఉంది, నెమ్మది" అంటే కాలు కదులుతుంది. "ఇంతమంది పోయారు" అంటే మనసు కదులుతుంది, కాలు అక్కడే ఉంటుంది.

కుర్రాళ్ల సంగతి ఇంకా తిరకాసు. ఇజ్రాయెల్‌లో యువ సైనికుల మీద చేసి 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో, చావును గుర్తుచేశాక, డ్రైవింగ్ తమ గొప్పతనంలో భాగం అనుకునే కుర్రాళ్లు మరింత దూకుడుగా నడిపేందుకే మొగ్గారు. నా తరగతుల్లో ఇది నాకు కొత్త కాదు. ఘోరమైన ఫిల్ము చూసి బయటికి వెళ్లిన కుర్రాళ్ల బ్యాచ్ పార్కింగ్ దగ్గర బైకుల్ని ఎలా లేపుతుందో ఒకసారి కిటికీలోంచి చూశాను. "చావంటే నాకు లెక్కలేదు" అని చూపించుకోవడానికి మనం చక్కగా వేదిక కట్టి ఇచ్చినట్టయింది. ఆస్ట్రేలియాలోనే న్యూ సౌత్ వేల్స్ వాళ్లు ఇది గ్రహించారనుకుంటా, 2007లో దారి మార్చేశారు. వాళ్ల యాడ్‌లో యాక్సిడెంటే లేదు. ఒకడు టైర్లు కీచుమనిపిస్తూ దూసుకుపోతాడు. అది చూసిన అమ్మాయిలు, ఒక పెద్దావిడ, వెనక సీట్లో కూర్చున్న వాడి స్నేహితులు కూడా చిటికెన వేలు వంచి ఊపుతారు. 'నీ మగతనం ఇంతే' అని వెక్కిరింపు అది. శవాన్ని చూసి రెచ్చిపోయే కుర్రాడు ఆ వేలు చూస్తే ముడుచుకుపోతాడు.

రక్తం లేకుండా కదిలించిన యాడ్లలో నేను ఇప్పటికీ తరగతిలో వాడేది 2010లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ వాళ్లు తీసినది. అందులో కారే లేదు. ఇంట్లో హాల్లో ఒక కుర్చీ. అందులో ఒకాయన కూర్చుని ఖాళీ చేతులతో స్టీరింగ్ తిప్పుతున్నట్టు నటిస్తుంటాడు. సోఫాలో భార్య, చిన్న కూతురు నవ్వుతూ చూస్తుంటారు. ఉన్నట్టుండి ఆయన మొహం మారుతుంది. పాప పరుగున వచ్చి ఆయన నడుము చుట్టూ చేతులు వేస్తుంది, భార్య భుజం మీదుగా ఛాతీ మీదికి చేతులు వేసి పట్టుకుంటుంది. బెల్టు ఎక్కడెక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడే. దెబ్బ తగిలిన ఊపుకు ఆయన ముందుకు విసురుగా వస్తాడు, చేతులు వదలవు. అయిపోయింది. దీనికి తలలు దించుకున్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. తల దించాల్సిన అవసరం లేదు కదా, ఎవరూ చావలేదు. అన్నిటికంటే ముఖ్యం, చేయాల్సిన పని ఆ దృశ్యం లోపలే ఉంది. యేల్ మ్యాప్ మీద సున్నా లాగా.

చిత్రం ఏంటంటే, నెత్తురుతో పేరు తెచ్చుకున్న విక్టోరియా సంస్థే 2016 నాటికి బొమ్మ దగ్గరికి వచ్చింది. పట్రీషియా పిచినీని అనే శిల్పి చేత, ప్రమాద గాయాలకు ఆపరేషన్లు చేసే ఒక సర్జన్, ఒక ప్రమాదాల నిపుణుడి సలహాతో, గ్రాహమ్ అనే మనిషి బొమ్మ చేయించింది. కారు ప్రమాదాన్ని తట్టుకునేలా మనిషి ఒళ్లు పరిణామం చెంది ఉంటే ఎలా ఉండేదో ఆ రూపం. తల పెద్ద గుమ్మడికాయంత, మెడ అన్నదే లేదు, పక్కటెముకల మధ్య గాలి తిత్తుల్లాంటివి. చూసినవాళ్లు ఛీ అని మొహం తిప్పుకోరు, దగ్గరికొచ్చి చూస్తారు. చూశాక తమ మెడ తడుముకుంటారు. నేను ఆ ఫొటో చూపించినప్పుడల్లా గదిలో సగంమంది చెయ్యి మెడ మీదికి వెళ్తుంది, వాళ్లకు తెలియకుండానే.

ఘోరమైన యాడ్లకు అసలు చోటే లేదా అంటే, ఉంది. పక్కనే తనిఖీ ఉన్నప్పుడు, కొత్తగా ఉన్నప్పుడు, ఏం చేయాలో అందులోనే ఉన్నప్పుడు, ఎవరికి చేరాలో వాళ్లకే చేరినప్పుడు. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. ఉత్తర ఐర్లండ్‌లో 2014లో ఒక యాడ్ వచ్చింది. అదుపు తప్పిన కారు ఒక క్లాసు పిల్లలందరి మీద పడుతుంది. 2000 నుంచి అక్కడ స్పీడు వల్ల చనిపోయిన పిల్లలు ఒక తరగతి గదిని నింపుతారన్నది దాని సందేశం. టీవీలో దాన్ని రాత్రి 9 దాటాకే వేయనిచ్చారు. మీ పాప చూసిన యాడ్ వేసినవాళ్లు ఆ మాత్రం ఆలోచించలేదు. డ్రైవ్ చేయని, చేయలేని పిల్లకు భయం మొత్తం చేరింది, చేయాల్సిన పని ఏదీ చేరలేదు. ప్రమాదాల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు కూడా ఆ హాల్లో ఉంటారు. నా తరగతుల్లో ఇప్పుడు ఫిల్ముకు ముందు, బయటికి వెళ్లాలనుకునేవాళ్లు కారణం చెప్పకుండా వెళ్లొచ్చని చెప్తాను. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు లేస్తారు.

ఇక మీ ఇంటి సంగతి. మీ వారికి ఇంకో ఘోరమైన వీడియో పంపకండి, దాన్ని కూడా జడ్జిలాగే చూస్తారు. వాదన కూడా వద్దు. పాపతో "అదంతా ఉత్తిదే, సినిమా" అనకండి, ఉత్తిది కాదని తనకు తెలుసు. తనకు ఒక పని ఇవ్వండి. కారు కదిలే ముందు అందరి బెల్టుల క్లిక్ చప్పుడు లెక్కపెట్టే బాధ్యత తనది. నలుగురుంటే నాలుగు క్లిక్‌లు వినిపించాకే "పదండి నాన్నా" అనాలి, అప్పటిదాకా బండి కదలకూడదు. భయపడ్డ పిల్లకు చేతిలో పని ఉంటే భయం దానిలోకి పోతుంది. నాన్న విషయానికొస్తే, చావును కాదనడం తేలిక, వెనక సీట్లోంచి "ఇంకా మూడే వినిపించాయి" అనే కూతుర్ని కాదనడం కష్టం. బెల్టు అలారం మోగకుండా కొందరు ఖాళీ క్లిప్ ఒకటి గుచ్చి పెడతారు, అలాంటిది మీ కారులో ఉంటే పాప కంటపడక ముందే తీసేయండి.

ఒకటి మాత్రం ముందే చూసుకోండి. నా తరగతుల్లో ఇప్పుడు ఫిల్ముకు ఇచ్చే సమయం నాలుగు నిమిషాలు, బయట బండ్ల దగ్గర గడిపేది ముప్పావుగంట. అక్కడ ఎక్కువసార్లు దొరికే లోపం ఒకటే. వెనక సీటు బెల్టు బకిళ్లు సీటు కవరు కింద ఎక్కడో కూరుకుపోయి ఉంటాయి, కొన్నప్పటి నుంచి ఎవరూ బయటికి తీసి ఉండరు. ఈ రాత్రికి ఒకసారి కారు దగ్గరికి వెళ్లి, పాప కూర్చునే వైపు చెయ్యి పెట్టి చూడండి. బకిల్ తగలకపోతే ముందు ఆ కవరు విప్పండి.